మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా: ఊళ్లో తిరిగే చిన్న కారుకి నేను వేసే మార్కులు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇల్లు మియాపూర్, ఆఫీసు గచ్చిబౌలి. ఆన్‌రోడ్ ధర ఎనిమిది లక్షలు దాటకూడదు. ఇంటికి ఇదే మొదటి కారు. మీరు, మీ ఆవిడ, ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు, అమ్మగారు. మీ ఆవిడ ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, ఆమె కూడా ఈ బండి మీదే డ్రైవింగ్ నేర్చుకోవాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య పార్కింగ్. రెండు నెలలకోసారి సూర్యాపేట ప్రయాణం. మారుతి వ్యాగన్ఆర్, టాటా టియాగో, హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్, ఈ మూడింట్లో ఏది తీసుకోమంటారని అడిగారు. మూడింటి పవర్, మైలేజీ, టచ్ స్క్రీన్ సైజు పట్టిక వేసి మరీ పెట్టారు.

పట్టిక శ్రద్ధగా వేశారు. కానీ అందులో నాన్నగారి మోకాళ్లు లేవు, మీ సెల్లార్ లేదు, మీ ఆవిడ ఎడమ కాలు లేదు. ఊళ్లో తిరిగే బండికి నేను ముందు మార్కులు వేసేది వాటిని బట్టే.

నేను కూకట్‌పల్లిలో పద్దెనిమిదేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. రోజుకి ఆరేడు గంటలు ఎడమ సీట్లోనే గడుస్తాయి. మా బండ్లలో నా కాళ్ల కింద కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి కాబట్టి ఏ బండి క్లచ్ ఎంత బరువో నా ఎడమ మోకాలికి తెలుసు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు కారు కొనేటప్పుడు నన్ను షోరూమ్‌కి తోడు రమ్మంటారు. అలా వెళ్లి వెళ్లి నేర్చుకున్న సంగతులే ఇవి.

ముందు మీ దారి చూద్దాం. మియాపూర్ క్రాస్‌రోడ్స్, ఆల్విన్ కాలనీ జంక్షన్, హఫీజ్‌పేట ఫ్లైఓవర్, కొండాపూర్, కొత్తగూడ, బొటానికల్ గార్డెన్, గచ్చిబౌలి. సుమారు 13 కిలోమీటర్లు. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే 50 నిమిషాలు ఎక్కడికీ పోవు. అంటే మీ సగటు వేగం గంటకి 15, 16 కిలోమీటర్లు. వాన పడిన రోజు అది కూడా ఉండదు. ఈ వేగంలో 67 హార్స్‌పవరా, 86 హార్స్‌పవరా అన్న తేడా మీకు కనబడదు. కనబడేవి వేరే ఉన్నాయి. రెండో గేర్లో పది కిలోమీటర్ల వేగానికి పడిపోయినప్పుడు బండి వణక్కుండా లాగుతుందా? క్లచ్ ఎంత పైకి లేపితే పట్టు దొరుకుతుంది? ఆగిన ప్రతిసారీ గేరు లివర్ న్యూట్రల్‌కి తేలిగ్గా వస్తుందా? ఒకరోజు కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయిని తీసుకుని జేఎన్‌టీయూ నుంచి సైబర్ టవర్స్ దాకా వెళ్తూ క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతోందో లెక్కపెట్టాను. వంద దాటాక లెక్క వదిలేశాను, అప్పటికి ఇంకా ఫోరమ్ మాల్ ఫ్లైఓవర్ ఎక్కనేలేదు. రోజుకి రెండు పూటలా అన్నిసార్లు తొక్కాల్సిన పెడల్ అది. టచ్ స్క్రీన్ ఏడంగుళాలా, ఎనిమిదంగుళాలా అన్నది ఆ తర్వాతి మాట.

క్లచ్ చూసే పద్ధతి చెప్తాను. సీటు సర్దుకుని, మడమ ఫ్లోరు మీద ఆనించి, క్లచ్ పూర్తిగా తొక్కండి. కాలు మొత్తం గాల్లోకి లేపితే తప్ప తొక్కలేకపోతున్నారంటే ఆ సీటు, ఆ పెడల్ మీ కాలికి కుదరలేదని అర్థం. తర్వాత మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ అసలు ముట్టుకోకుండా, క్లచ్ మెల్లగా వదలండి. ఏసీ ఆన్‌లోనే ఉండాలి. బండి ఆగిపోకుండా తనంతట తాను కదిలి పాకుతోందంటే బంపర్ టు బంపర్‌లో మీకు సగం టెన్షన్ తగ్గినట్టే. ఈ మూడు బండ్లలో నియోస్ క్లచ్ నాకు అన్నిటికన్నా తేలిగ్గా అనిపిస్తుంది. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ కావడంతో తక్కువ వేగంలో వణుకు కూడా తక్కువ. వ్యాగన్ఆర్‌కి 1.0 లీటరు మూడు సిలిండర్ల ఇంజిన్, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, రెండూ వస్తాయి. మీ ఇంటిల్లిపాదీ ఐదుగురు, కాబట్టి 1.2 చూడండి. ఏసీ వేసుకుని, ఐదుగురు ఎక్కి, ఫ్లైఓవర్ మొదట్లో సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదలాలంటే 1.0 కాస్త ఆయాసపడుతుంది. టియాగోది 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిన్. లాగడంలో లోటు లేదు, కానీ సిగ్నల్లో ఆగి ఉన్నప్పుడు సన్నటి అదురు సీటుకి తెలుస్తుంది. కొందరికి అది పట్టదు, కొందరికి రోజూ చిరాకు. మీరు ఏ రకమో కూర్చుంటే కానీ తెలియదు.

మీ ఆవిడ సంగతి. ఆమె డ్రైవర్ సీట్లో కూర్చోకుండా మీరు అడ్వాన్స్ కట్టకండి. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది, భర్త ఎత్తుకి సరిపోయే బండి కొన్నాక నేర్చుకోవడానికి వచ్చినవాళ్లే. బానెట్ కనబడదు. కనబడాలని ముందుకి జరిగితే స్టీరింగ్ ఛాతీకి తగిలేంత దగ్గరకు వస్తుంది. ఎయిర్‌బ్యాగ్ స్టీరింగ్ మధ్యలోంచి పేలుతుంది కదా, ఛాతీకి దానికి మధ్య కనీసం పది అంగుళాలు ఉండాలి. జానెడు చాలదు, ఇంకొంచెం పైనే. సీటు ఎత్తు పెంచే లివర్ మీరు తీసుకునే వేరియంట్‌లో ఉందో లేదో బ్రోచర్‌లో కాదు, చేత్తో పట్టుకుని చూడండి. కొన్ని కంపెనీలు కింది వేరియంట్‌లో తీసేసేది సరిగ్గా ఇలాంటివాటినే. దిండు వేసుకుని నడపొచ్చులే అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు దిండు జారుతుంది, దానితో మనిషీ జారుతుంది.

మాన్యువలా, ఆటోమేటికా అని మీరు అడగలేదు కానీ అడగాల్సిన మాటే. ఈ ధరలో దొరికేది ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో మొదలైంది ఇది. లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మీ ఎడమ కాలు చేసే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది, అంతే. గేరు మారేటప్పుడు ఒక్క క్షణం బండి ఊపిరి బిగబట్టినట్టు ఆగి ముందుకి ఊగుతుంది. రెండు వారాల్లో అలవాటవుతుంది. గేరు మారే సమయానికి యాక్సిలరేటర్ కొంచెం వదిలితే ఆ ఊపు బాగా తగ్గుతుంది.

అయితే క్లచ్ మాత్రం క్లచ్చే అన్న సంగతి చాలామందికి చెప్పేవాళ్లు లేరు. నా దగ్గర నేర్చుకున్న ఒకావిడ ఏఎంటీ బండి కొన్నారు. వాళ్ల సెల్లార్ ర్యాంప్ మీద గేటు తెరిచేదాకా రోజూ బ్రేకు వేయకుండా, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టి బండిని నిలబెట్టేవారు. ఇరవై వేల కిలోమీటర్లు తిరిగేసరికి క్లచ్ ప్లేటు కాలిపోయింది. వాసన వస్తోందని ఫోన్ చేస్తే వెళ్లాను. బానెట్ దగ్గర కాలిన రబ్బరు లాంటి ఘాటు. సర్వీస్ సెంటర్ వాళ్లు అది వారంటీలోకి రాదన్నారు. ఆమె తప్పు ఏమీ లేదు. ఆటోమేటిక్ అని అమ్మినవాళ్లు ఆ ఒక్క మాట చెప్పాల్సింది: ఏటవాలు మీద ఆగితే బ్రేకు మీదే ఆగాలి, సిగ్నల్ పొడుగ్గా ఉంటే న్యూట్రల్ వేయాలి. మీరు టెస్ట్ డ్రైవ్‌లో ఏఎంటీని తప్పకుండా ర్యాంప్ మీద ఆపి, బ్రేకు వదిలి చూడండి. వెనక్కి ఎంత జారుతోంది? కొండ మీద పట్టుకునే హిల్ హోల్డ్ ఉంటే రెండు క్షణాలు ఆపుతుంది, ఆ లోపు మీరు కదిలిపోవచ్చు. లేకపోతే వెనక బైకు వాడు ఎంత దగ్గరగా ఉంటాడో మీకు తెలియనిది కాదు.

మీ దారికి, మీ ఆవిడ కొత్తగా నేర్చుకోవడానికి ఏఎంటీ మంచిదనే నా అభిప్రాయం. కానీ ఆమె ముందు మాన్యువల్ మీద నేర్చుకోవాలి, ఆ తర్వాత ఏఎంటీకి మారడం గంట పని. తిరగేసి చేస్తే కష్టం.

ఇప్పుడు సెల్లార్. బ్రోచర్‌లో వెడల్పులు ఇలా ఉంటాయి: వ్యాగన్ఆర్ 1620 మిల్లీమీటర్లు, టియాగో 1677, నియోస్ 1680. ఇందులో సైడ్ మిర్రర్లు కలపరు. టేపు పట్టుకుని షోరూమ్‌లో ఒక మిర్రర్ చివర నుంచి ఇంకో మిర్రర్ చివరకి మీరే కొలవండి. తర్వాత మీ పిల్లర్ల మధ్య కొలవండి. బండి పక్కన ఇంకో ఇరవై అంగుళాలైనా మిగలకపోతే తలుపు తెరుచుకుని మనిషి దిగలేరు. ఆరు సెంటీమీటర్ల తేడా కాగితం మీద ఏముందిలే అనిపిస్తుంది. రాత్రి పదింటికి, పక్కింటి వాళ్ల ఎస్‌యూవీ గీత దాటి పెట్టి ఉన్నప్పుడు, ఆ ఆరు సెంటీమీటర్లే మీ తలుపు గీతపడకుండా కాపాడేవి. మలుపు తిరగడంలో కూడా వ్యాగన్ఆర్ సులువు, 4.7 మీటర్ల టర్నింగ్ రేడియస్. ర్యాంప్ దిగి ఒకే పట్టున లోపలికి తిరుగుతుందా, వెనక్కి తీసి మళ్లీ వేయాలా అన్నది దాని మీదే ఉంటుంది. వీలైతే టెస్ట్ డ్రైవ్ బండిని మీ సెల్లార్‌లోకే తీసుకెళ్లండి. షోరూమ్ వాళ్లు ముందు కాదంటారు. కొనబోయేవాళ్లు గట్టిగా అడిగితే ఒప్పుకుంటారు, నేను చాలాసార్లు ఒప్పించాను.

నాన్నగారి మోకాళ్లకి వద్దాం, నా దృష్టిలో మీ ప్రశ్నకి జవాబు చాలావరకు అక్కడే ఉంది. పోయిన ఏడాది ఒక కుటుంబంతో వెళ్లాను, పెద్దాయనకి డెబ్బై దాటాయి. ముందు ఒక హ్యాచ్‌బ్యాక్ ముందు సీట్లో కూర్చోమన్నారు. ఆయన ఎడమచేత్తో తలుపు పట్టుకుని, కుడి కాలు లోపల పెట్టి, తల వంచి, చివరి జానెడు కిందకి పడ్డట్టుగా కూర్చున్నారు. "బాగుందిరా" అన్నారు కొడుకుతో. దిగేటప్పుడు రెండు ప్రయత్నాలు పట్టింది, ముఖం చూస్తే తెలిసింది. తర్వాత వ్యాగన్ఆర్ దగ్గరికి వెళ్లాం. వీపు సీటు వైపు తిప్పి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకున్నారు. దిగేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. వ్యాగన్ఆర్ ఎత్తు 1675 మిల్లీమీటర్లు, టియాగో 1535, నియోస్ 1520. పద్నాలుగు, పదిహేను సెంటీమీటర్ల తేడా అంటే ఇదే. పెద్దవాళ్లు పిల్లల బడ్జెట్ చూసి "బాగుంది" అనేస్తారు. అందుకని మాట అడక్కండి. ఐదుసార్లు ఎక్కి దిగమనండి, చేతులు ఎక్కడ పెడుతున్నారో చూడండి.

వెనక సీట్లో మీ ఆవిడ, అమ్మగారు, మధ్యలో పాప కూర్చుంటారు. ముగ్గురినీ ఒకేసారి కూర్చోబెట్టి తలుపులు వేసి చూడండి. మధ్యలో ఉన్న బెల్టు భుజం మీదుగా వచ్చేదా, నడుముకే కట్టేదా అన్నది ఆ వేరియంట్‌లో చూసుకోండి. పాపకి ఆరేళ్లు కాబట్టి బూస్టర్ సీటు కావాలి. పెద్దవాళ్ల బెల్టు ఆ వయసు పిల్లల మెడ మీద పడుతుంది, అది మంచిది కాదు. డిక్కీ వ్యాగన్ఆర్‌ది 341 లీటర్లు, నియోస్‌ది 260, టియాగోది 242. ఊరి నుంచి బియ్యం మూట, మామిడికాయల బుట్ట తెచ్చుకునే ఇల్లయితే ఈ తేడా గట్టిగానే తెలుస్తుంది.

ఏసీని ఉదయం పూట చూసి లాభం లేదు. బండిని మధ్యాహ్నం పన్నెండుకి ఎండలో గంటసేపు పెట్టించి, అప్పుడు ఎక్కండి. కదిలే బండిలో ఏ ఏసీ అయినా చల్లబరుస్తుంది. పరీక్ష నిలబడ్డ బండిలో. పది నిమిషాలు ఆగి ఉండి, వెనక సీట్లో కూర్చుని చూడండి. ఈ మూడింట్లో వెనక సీటుకి వేరుగా ఏసీ గాలి వచ్చే ఏర్పాటు నియోస్‌కే ఉంది, అదీ మొదటి వేరియంట్‌లో కాదు. మే నెలలో కొత్తగూడ దగ్గర పావుగంట ఆగిపోయినప్పుడు అమ్మగారికి అది పెద్ద ఊరట. వ్యాగన్ఆర్‌లో అద్దాలు పెద్దవి, చుట్టూ బాగా కనబడుతుంది కానీ ఎండ కూడా అంతే లోపలికి వస్తుంది. మంచి సన్‌షేడ్లు కొనుక్కోవాల్సిందే.

స్పీడ్ బ్రేకర్ల విషయంలో బ్రోచర్‌లో గ్రౌండ్ క్లియరెన్స్ చూసి నిశ్చింతగా ఉండకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, గుండ్రంగా వాలుగా ఉండాలి. మన కాలనీల్లో జనం సొంతంగా పోయించుకున్నవి అలా ఉండవు, నిటారుగా గోడలా ఉంటాయి. ఐదుగురు ఎక్కితే వెనక స్ప్రింగులు కుంగుతాయి, అప్పుడు ఎంత మిగిలిందన్నదే లెక్క. అందుకే టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లండి. మీ కాలనీలో అన్నిటికన్నా మొండి స్పీడ్ బ్రేకర్ మీదుగా, ఐదుగురితో, వాలుగా కాకుండా నేరుగా దాటండి. కింద గీసుకున్న చప్పుడు వచ్చిందంటే ఆ బండితో రోజూ అదే చప్పుడు. గుంతల రోడ్డు మీద టియాగో నాకు నచ్చుతుంది. దడదడ తక్కువ, బరువుగా కూర్చుని వెళ్తుంది. వ్యాగన్ఆర్ తేలిక బండి, పైగా పొడుగు, గుంతల్లో కొంచెం ఊగుతుంది.

మైలేజీకి మీరు పట్టికలో ఎక్కువ చోటు ఇచ్చారు. కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద తీసింది. 24 అని రాసి ఉన్న పెట్రోల్ బండి మీ దారిలో, ఏసీతో, 13 నుంచి 15 ఇస్తుంది. ఈ మూడింటి మధ్య తేడా లీటరుకి ఒకటి, ఒకటిన్నర కిలోమీటరు. అదీ నడిపే కాలిని బట్టి తలకిందులు అవుతుంది. మీరు నెలకి ఆఫీసుకి 570 కిలోమీటర్లు, మిగతా పనులకి ఇంకో 230 కలిపి 800 తిరుగుతారనుకుందాం. లీటరుకి 14 చొప్పున 57 లీటర్లు. లీటరు 107 రూపాయలు వేసుకుంటే సుమారు 6,100. మైలేజీ 13కి పడిపోయినా నెలకి ఇంకో ఐదువందలు పెరుగుతుంది. ఆ ఐదువందల కోసం నాన్నగారికి ఎక్కలేని బండి కొనడం నాకు సబబుగా అనిపించదు.

సీఎన్‌జీ గురించి కూడా ఒక ముక్క. కిలో 96 రూపాయలు, కిలోకి 22 కిలోమీటర్లు అనుకుంటే మీకు నెలకి 3,500 అవుతుంది. మిగిలేది 2,600. సీఎన్‌జీ వేరియంట్‌కి అదనంగా పెట్టేది తొంభై వేలనుకుంటే అది తిరిగి రావడానికి దాదాపు మూడేళ్లు. బంకుల దగ్గర క్యూలో పోయే సమయం, మూడేళ్లకోసారి సిలిండర్‌కి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష), ఇవి వేరే. వ్యాగన్ఆర్ సీఎన్‌జీలో అయితే డిక్కీ దాదాపు పోయినట్టే. టాటా, హ్యుందాయ్ ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పెట్టి కొంత చోటు మిగిల్చాయి. నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగేవాళ్లయితే నేనే తీసుకోమంటాను. 800కి వద్దు.

ఇక భద్రత. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే నేను చెప్పబోయే బండికి ఉన్న పెద్ద లోటు ఇదే. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టుల్లో పెద్దవాళ్ల రక్షణకి టియాగోకి 2020లో ఐదుకి 4 స్టార్లు వచ్చాయి. నియోస్‌కి అదే ఏడాది 2. వ్యాగన్ఆర్‌కి 2019లో 2, మళ్లీ 2023లో పరీక్షిస్తే 1. స్టార్ల సంఖ్యని పక్కపక్కన పెట్టి పోల్చేముందు ఒకటి గమనించండి: 2022 జులై నుంచి ఆ పరీక్ష కఠినమైంది, కాబట్టి టియాగో 4, వ్యాగన్ఆర్ 1 ఒకే పరీక్షలో వచ్చిన మార్కులు కావు. కానీ పాత పద్ధతిలో వచ్చినవి పోల్చినా 4 ఎక్కడ, 2 ఎక్కడ. 2023 పరీక్షలో వ్యాగన్ఆర్ బాడీ షెల్, అంటే బండి ఇనుప గూడు, స్థిరంగా లేదని కూడా తేల్చారు. ఆ తర్వాత నియోస్‌కి 2023లో, వ్యాగన్ఆర్‌కి 2025లో అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. అది మంచి మార్పే. కానీ ఎయిర్‌బ్యాగ్ మనిషిని కాపాడాలంటే చుట్టూ ఉన్న ఇనుము ముందు నిలబడాలి. ఎయిర్‌బ్యాగులు పెరిగినంత మాత్రాన బాడీ గట్టిపడదు.

నలభై వేగంలో, ఊళ్లో, అందరూ బెల్టు పెట్టుకుని వెళ్తుంటే ఈ తేడా ప్రాణాల దాకా వచ్చే సందర్భాలు తక్కువ. 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట వెళ్లేటప్పుడు లెక్క మారిపోతుంది. అక్కడ లారీలు, వోల్వో బస్సుల మధ్య ఉంటారు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ట్రాక్టర్లు కూడా ఉంటాయి. మీది ఏడాదికి ఆరు ప్రయాణాలు అన్నారు. అవి నెలకి రెండు అయ్యే అవకాశం ఉందా, ఇంట్లో కూర్చుని ఆలోచించుకోండి.

నా మాట ఇది. నాన్నగారి మోకాళ్లు నిజంగా ఇబ్బంది పెడుతున్నాయంటే, సెల్లార్ ఇరుకంటే, ఊళ్లోనే ఎక్కువ తిరుగుడంటే వ్యాగన్ఆర్ 1.2 ఏఎంటీ. ఒక స్టార్ వచ్చిన బండి పేరు రాయడం నాకు తేలిక కాలేదు. కానీ ఏడాదికి మూడువందల రోజులు మీ ఇంట్లో పెద్దాయన ఎక్కి దిగేది ఊళ్లోనే. హైవే ఎక్కినప్పుడు ఎనభై దాటకండి, రాత్రి ప్రయాణం పెట్టుకోకండి, వెనక ముగ్గురికీ బెల్టులు తప్పనిసరి. ఈ మూడూ పాటించలేం అనుకుంటే, లేదా ఊరికి తరచుగా వెళ్తుంటే, టియాగో తీసుకోండి. నాన్నగారి వైపు పైన పట్టుకునే హ్యాండిల్ ఉందో చూసుకుని, సీటు మీద గట్టి కుషన్ ఒకటి వేయించండి. నియోస్ చెడ్డదేం కాదు. మీ ఆవిడ ఒక్కరే ఎక్కువ నడిపేట్టయితే నేను ముందు దాని పేరే చెప్పేదాన్ని. మీ ఇంటి పరిస్థితికి మాత్రం అది రెండిటికీ మధ్యలో ఆగిపోతోంది.

డబ్బు కట్టేముందు రెండు మూడు సంగతులు. ఎక్స్‌షోరూమ్ ధర చూసి లెక్క వేసుకోకండి, ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద తీసుకుని ఒక్కో లైను అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పైన ఉండే సెస్ కూడా పోయింది. పాత ధరలు చూసి టెన్షన్ పడ్డవాళ్లకి ఇప్పుడు పై వేరియంట్ అందుతోంది. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2022 జూన్‌లో పెట్టిన రేట్ల ప్రకారం ఇంజిన్ 1000 సీసీ లోపు అయితే 6,521 రూపాయలు, అది దాటి 1500 లోపు అయితే 10,640, పన్ను అదనం. మన బండికి జరిగే నష్టానికి కట్టే మిగతా భాగం బయట ఎంతకి వస్తుందో కనుక్కుని షోరూమ్ వాళ్లకి చూపించండి, తగ్గిస్తారు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ మాత్రం తీసేయకండి. మన రోడ్ల మీద నిలిచే నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. నీళ్లు సిలిండర్‌లోకి పోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, మామూలు పాలసీ దానికి డబ్బు ఇవ్వదు. తోయించుకుని పక్కకి తెచ్చి, మెకానిక్‌కి ఫోన్ చేయండి. మీ ఆవిడకి కూడా ఈ మాట మొదటి రోజే చెప్పండి.

సెకండ్ హ్యాండ్ కూడా చూస్తున్నామని చివర్లో ఒక వాక్యం రాశారు. చూడండి, తప్పు లేదు. కానీ 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో నీట మునిగిన కార్లు ఎన్నో. ముందు సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగి చూడండి, లోపలి భాగం మీద బురద గీత ఉంటే బెల్టు కడిగినా పూర్తిగా పోదు. స్టెప్నీ గుంటలో తుప్పు, కార్పెట్ కింద ముక్కిపోయిన వాసన, ఇవి చూశాకే ఇంజిన్ దాకా వెళ్లండి.

టెస్ట్ డ్రైవ్ ఎప్పుడు అన్నది చివరి మాట. ఒక షోరూమ్‌లో నాతో వచ్చినవాళ్లకి ఆదివారం మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి, "చూశారుగా ఎంత స్మూతో" అన్నారు. ఆ రోడ్డు మీద ఏ బండైనా స్మూతే. మీరు మంగళవారమో బుధవారమో పొద్దున ఎనిమిదిన్నరకి బండి మీ ఇంటికే తెప్పించండి. సెల్లార్‌లోకి దింపి, నాన్నగారిని ఎక్కించుకుని, ర్యాంప్ ఎక్కి, ఆల్విన్ జంక్షన్ దాకా వెళ్లి రండి. నలభై నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా సరే, మీరు మాత్రం వెనక సీట్లో మధ్యలో కూర్చోండి. రోజూ అక్కడ కూర్చునేది మీ పాప.